"గూగుల్ చేస్తే వస్తుంది నాన్నా" అన్నాను: ఫేక్ కస్టమర్ కేర్, టెక్ సపోర్ట్ మోసాలను గుర్తుపట్టడం ఎలా?

మా నాన్న ఫోన్ గురించి ఏ డౌట్ అడిగినా నేను చెప్పే జవాబు ఒకటే ఉండేది. "గూగుల్ చేస్తే వస్తుంది నాన్నా." ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఉంటాను, లేదా బైక్ మీద ఉంటాను. ఆ ఒక్క మాటతో ఫోన్ పెట్టేసేవాడిని.

కొన్ని నెలల క్రితం ఇంట్లో వాషింగ్ మెషీన్‌లోంచి నీళ్లు బయటికి పోవడం ఆగిపోయింది. ఈసారి నాన్న నాకు ఫోన్ చేయలేదు. నేను చెప్పినట్టే గూగుల్ చేశారు. కంపెనీ పేరు, పక్కన "కస్టమర్ కేర్ నంబర్" అని టైప్ చేశారు. పైన కనిపించిన నంబర్‌కి కాల్ చేశారు. నలభై నిమిషాల తర్వాత ఆయన అకౌంట్‌లోంచి రెండు విడతల్లో 63,400 రూపాయలు పోయాయి.

నాకు ఈ విషయం తెలిసింది రెండు రోజుల తర్వాత. "నీకు ఆఫీసు టైం కదరా, ఎందుకులే అని చెప్పలేదు" అన్నారు. అసలు కారణం అది కాదని ఇద్దరికీ తెలుసు. ముప్పై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి, తనని ఎవరో ఫోన్‌లో మోసం చేశాడని కొడుకుకి చెప్పుకోలేకపోయారు.

ఈ సైట్‌లో నేను మామూలుగా ఫోన్‌ల కెమెరా, బ్యాటరీ గురించి రాస్తుంటాను. ఈసారి మాత్రం ఆ నలభై నిమిషాల్లో ఏం జరిగిందో, టెక్నికల్‌గా అది ఎలా పనిచేస్తుందో, ఎక్కడెక్కడ ఆపొచ్చో స్టెప్ బై స్టెప్ చెప్తాను. కొంచెం పెద్ద ఆర్టికల్. అయినా చివరి వరకు చదవండి, ఇంట్లో పెద్దవాళ్లకి కూడా చదివి వినిపించండి.

అసలు టెక్ సపోర్ట్ మోసం అంటే ఏంటి?

మన ఫోన్, కంప్యూటర్, టీవీ, బ్యాంక్ యాప్, వాలెట్, ఇలా దేనికో ఒకదానికి "సపోర్ట్" ఇస్తున్నట్టు నటించి డబ్బు కాజేయడమే ఈ మోసం. ఇందులో మన దగ్గరికి రావడానికి వాళ్లకి నాలుగు దారులు ఉన్నాయి.

1. మనమే వాళ్లకి కాల్ చేయడం. అంటే సెర్చ్‌లో దొరికిన ఫేక్ నంబర్. మా నాన్న కేసు ఇదే.
2. స్క్రీన్ మీద పాప్-అప్. "మీ కంప్యూటర్‌కి వైరస్ వచ్చింది, వెంటనే ఈ నంబర్‌కి కాల్ చేయండి" అని వస్తుంది.
3. వాళ్లే మనకి కాల్ చేయడం. "సార్, మీ సిమ్ కేవైసీ అయిపోయింది", "మీ కంప్యూటర్ నుంచి మాకు ఎర్రర్ రిపోర్ట్‌లు వస్తున్నాయి" లాంటివి.
4. మెసేజ్‌లో లింక్, లేదా వాట్సాప్‌లో ఏపీకే ఫైల్.

వీటిలో మొదటిది చాలా డేంజర్. ఎందుకంటే తెలియని వాడు కాల్ చేస్తే మనకి కాస్త అనుమానం ఉంటుంది. మనమే కాల్ చేసినప్పుడు ఆ అనుమానం ఉండదు. "కంపెనీకి కాల్ చేశాను, కంపెనీ వాళ్లే మాట్లాడుతున్నారు" అనే నమ్మకంతోనే మాట మొదలవుతుంది.

సెర్చ్‌లో ఫేక్ నంబర్ పైకి ఎలా వస్తుంది?

చాలామంది "గూగుల్‌లో ఉంది కదా, కరెక్టే అయ్యుంటుంది" అనుకుంటారు. గూగుల్ నంబర్లను తయారు చేయదు. ఇంటర్నెట్‌లో ఉన్నవాటిని వెతికి చూపిస్తుంది. అక్కడ తప్పుడు నంబర్ పెట్టడానికి మోసగాళ్లకి మార్గాలు ఉన్నాయి.

ఒకటి, యాడ్. డబ్బు కట్టి సెర్చ్ రిజల్ట్స్‌లో అందరికంటే పైన కనిపించవచ్చు. దాని పక్కన "స్పాన్సర్డ్" అని చిన్నగా ఉంటుంది, కంగారులో ఉన్నప్పుడు అది కంటికి ఆనదు. రెండు, కంపెనీ పేరుతో ఒక చిన్న వెబ్‌సైట్ పెట్టి, ఊరి పేర్లన్నీ కలిపి పేజీలు తయారు చేయడం. "ఫలానా వాషింగ్ మెషీన్ సర్వీస్ సెంటర్ విజయవాడ", "గుంటూరు", "తెనాలి" అని ఒక్కో ఊరికి ఒక్కో పేజీ ఉంటుంది. మూడు, మ్యాప్స్. మ్యాప్స్‌లో షాపులు, ఆఫీసుల వివరాలకి యూజర్లు కూడా మార్పులు సూచించవచ్చు. 2018లో మహారాష్ట్రలో ఇదే దారిలో బ్యాంక్ బ్రాంచ్‌ల నంబర్లు మార్చేసి, కాల్ చేసిన కస్టమర్ల నుంచి వివరాలు లాగారు.

కాబట్టి మొదటి రూల్: సెర్చ్ రిజల్ట్‌లో కనిపించిన ఫోన్ నంబర్‌కి నేరుగా కాల్ చేయొద్దు. సెర్చ్ వాడి కంపెనీ అసలు వెబ్‌సైట్‌కి చేరుకోండి, నంబర్ మాత్రం ఆ సైట్ లోపలి నుంచే తీసుకోండి.

ఆ నలభై నిమిషాల్లో ఏం జరిగింది?

నాన్న దగ్గర కూర్చుని మొత్తం కాల్‌ని వరసగా అడిగి రాసుకున్నాను. ఇలాంటి కాల్స్ దాదాపు అన్నీ ఇదే స్క్రిప్ట్‌లో నడుస్తాయి.

స్టెప్ 1: మర్యాద. "నమస్కారం సార్, మీ మోడల్ నంబర్ చెప్పండి, ఎప్పుడు కొన్నారు, వారంటీ ఉందా?" అని అసలు కాల్ సెంటర్ లాగే అడిగాడు. కంప్లైంట్ నంబర్ కూడా ఇచ్చాడు. "రేపు ఉదయం పదింటికి ఇంజనీర్ వస్తాడు" అన్నాడు. ఇక్కడివరకు అనుమానించడానికి ఏమీ లేదు.

స్టెప్ 2: చిన్న ఫీజు. "రిజిస్ట్రేషన్‌కి 10 రూపాయలు ఆన్‌లైన్‌లో కట్టాలి సార్, బిల్లులో తగ్గిస్తాం." 10 రూపాయలకి ఎవరు మోసం చేస్తారు అనిపిస్తుంది. అసలు ప్లాన్ ఇక్కడే ఉంది. వాడికి కావాల్సింది ఆ 10 రూపాయలు కాదు. ఆ పేరుతో మనం నింపే ఫారం కావాలి. నాన్నకి వచ్చిన లింక్‌లో కంపెనీ లోగో ఉంది, కింద పేరు, ఫోన్ నంబర్, డెబిట్ కార్డు నంబర్, ఎక్స్‌పైరీ డేట్, సీవీవీ అడిగే గడులు ఉన్నాయి.

స్టెప్ 3: యాప్. "పేమెంట్ ఫెయిల్ అవుతోంది సార్, మా సపోర్ట్ యాప్ వేసుకోండి, నేనే సరిచేస్తాను." వేయించింది ఒక స్క్రీన్ షేరింగ్ యాప్. అందులో కనిపించిన అంకెలు చదివించుకున్నాడు, "అలో" నొక్కించాడు.

స్టెప్ 4: మాటల్లో పెట్టడం. "ఫోన్ కట్ చేయొద్దు సార్, ప్రాసెస్ మధ్యలో ఆగిపోతుంది" అంటూ వారంటీ గురించి, నీళ్ల ప్రెజర్ గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. అదే టైంలో ఫారంలో నింపిన కార్డు వివరాలతో వేరే చోట కొనుగోలు నడుస్తోంది. ఓటీపీ మెసేజ్ నాన్న ఫోన్‌కి వచ్చింది. నాన్న దాన్ని ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు, స్క్రీన్ మీద నోటిఫికేషన్‌గా వచ్చింది, వాడు చదివేసుకున్నాడు.

"ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు" అని మనం పదేళ్లుగా పెద్దవాళ్లకి చెప్తున్నాం. నాన్న ఆ మాట అక్షరాలా పాటించారు. ఓటీపీ చెప్పలేదు. అయినా డబ్బు పోయింది. ఇక నుంచి "ఓటీపీ చెప్పొద్దు" తో పాటు "స్క్రీన్ చూపించొద్దు" అని కూడా చెప్పాలి.

స్క్రీన్ షేరింగ్ యాప్‌లతో అసలు ఏం చేయవచ్చు?

ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి మోసం యాప్‌లు కావు. ఐటీ కంపెనీల్లో మేం రోజూ వాడేవే. సమస్య యాప్‌లో లేదు, మనం ఎవరిని లోపలికి రానిస్తున్నామన్న దగ్గర ఉంది. 2019 ఫిబ్రవరిలోనే ఆర్బీఐ ఇలాంటి రిమోట్ యాక్సెస్ యాప్‌ల ద్వారా జరుగుతున్న మోసాల గురించి బ్యాంకులను హెచ్చరించింది.

ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ షేర్ చేస్తే అవతలివాడికి మన స్క్రీన్ కనిపిస్తుంది. చాలా బ్యాంక్ యాప్‌ల స్క్రీన్ నల్లగా కనిపించేలా ఉంటుంది, అది మంచి విషయమే. కానీ మెసేజ్‌లు, నోటిఫికేషన్లు, బ్రౌజర్‌లో మనం టైప్ చేసే కార్డు నంబర్ మామూలుగానే కనిపించవచ్చు. ఇంకో అడుగు ముందుకేసి "యాక్సెసిబిలిటీ" పర్మిషన్ కూడా ఆన్ చేయిస్తే, వాడు చూడటమే కాదు, మన ఫోన్‌ని తన వేలితో నొక్కినట్టు నొక్కగలడు. యాక్సెసిబిలిటీ అనేది కంటిచూపు, చేతి కదలిక ఇబ్బంది ఉన్నవాళ్ల కోసం పెట్టిన ఫీచర్. స్క్రీన్ మీద ఉన్నది చదవడం, బటన్లు నొక్కడం దాని పని. అదే పర్మిషన్ మోసగాడి చేతిలో పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఐఫోన్‌లో ఇలాంటి యాప్‌లతో స్క్రీన్ చూడొచ్చు కానీ అవతలివాడు కంట్రోల్ చేయలేడు. అలాగని ఐఫోన్ సేఫ్ అనుకోవద్దు. చూస్తే చాలు, ఓటీపీ దొరుకుతుంది.

ఆండ్రాయిడ్ 15 నుంచి స్క్రీన్ షేర్ అవుతున్నప్పుడు నోటిఫికేషన్లలోని సమాచారాన్ని, ఓటీపీలను దాచే ఏర్పాటు వచ్చింది. కానీ మన ఇళ్లలో పెద్దవాళ్ల చేతిలో ఉండేది సాధారణంగా మనం వాడి వదిలేసిన పాత ఫోన్. నాన్న చేతిలో ఉన్నది కూడా నేను నాలుగేళ్లు వాడి ఇచ్చిన ఫోనే. దానికి అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయాయి. కొత్త ఫోన్ కొన్నప్పుడు పాతది అమ్మకి, నాన్నకి ఇచ్చేసే అలవాటు మనందరికీ ఉంది. ఇచ్చే ముందు ఆ ఫోన్‌కి ఇంకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తున్నాయా అని ఒకసారి చూడండి. వాళ్ల బ్యాంక్ యాప్ ఉండేది ఆ ఫోన్‌లోనే.

ఇవే కాక వాడే ఇంకొన్ని ట్రిక్కులు

ఏపీకే ఫైల్: ప్లే స్టోర్‌లో కాకుండా వాట్సాప్‌లో "కస్టమర్ సపోర్ట్", "కేవైసీ అప్‌డేట్" అనే పేరుతో ఫైల్ పంపి ఇన్‌స్టాల్ చేయమంటారు. ఇలాంటి యాప్ అడిగే మొదటి పర్మిషన్ ఎస్ఎంఎస్. ఒకసారి ఇచ్చామా, మనకి వచ్చే ప్రతి మెసేజ్ కాపీ వాళ్లకి వెళ్తుంది. కాల్ కట్ చేశాక కూడా వెళ్తూనే ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్లే ప్రొటెక్ట్ వార్నింగ్ ఇస్తే "అది మామూలే సార్, ఆఫ్ చేసేయండి" అంటారు. ఏ కంపెనీ ఇంజనీరూ మిమ్మల్ని ప్లే ప్రొటెక్ట్ ఆఫ్ చేయమని అడగడు.

అమౌంట్ గడిలో "కోడ్": యూపీఐ యాప్ తెరిచి, అమౌంట్ టైప్ చేసే చోట "మీ కంప్లైంట్ కోడ్ 49987 కొట్టండి, తర్వాత పిన్ వేయండి" అంటారు. అది కోడ్ కాదు, 49,987 రూపాయలు. గుర్తుంచుకోండి, యూపీఐ పిన్ అవసరం అయ్యేది మనం డబ్బు పంపడానికో, బ్యాలెన్స్ చూసుకోవడానికో. డబ్బు రావడానికి, రీఫండ్ తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు.

కాల్ ఫార్వర్డింగ్: "నెట్‌వర్క్ సరిచేయాలి, ఈ కోడ్ డయల్ చేయండి" అని *401* లేదా *21* తో మొదలయ్యే కోడ్, దాని వెనక ఒక మొబైల్ నంబర్ ఇస్తారు. అది డయల్ చేస్తే మనకి రావాల్సిన కాల్స్ ఆ నంబర్‌కి వెళ్లిపోతాయి. ఓటీపీ కాల్ ద్వారా చెప్పే సర్వీసులు ఉన్నాయి కాబట్టి ఇది వాళ్లకి ఉపయోగపడుతుంది. 2024 ఏప్రిల్ 15 నుంచి ఇలాంటి కోడ్‌లతో కాల్ ఫార్వర్డింగ్ ఆపమని టెలికాం శాఖ ఆపరేటర్లను ఆదేశించింది. అయినా సరే, ఎవరు ఏ కోడ్ చెప్పినా డయల్ చేయొద్దు.

కంప్యూటర్‌లో వచ్చే పాప్-అప్ సంగతి

ల్యాప్‌టాప్ వాడేవాళ్లకి ఈ సెక్షన్. ఏదో సైట్ ఓపెన్ చేయగానే స్క్రీన్ మొత్తం ఎర్రగా లేదా నీలంగా మారుతుంది, సైరన్ లాంటి సౌండ్ వస్తుంది, "మీ కంప్యూటర్ లాక్ అయింది, ఈ టోల్ ఫ్రీ నంబర్‌కి కాల్ చేయండి" అని మైక్రోసాఫ్ట్ లోగోతో కనిపిస్తుంది. మౌస్ కూడా పనిచేయనట్టు ఉంటుంది.

అది వైరస్ కాదు. కేవలం ఫుల్ స్క్రీన్‌లో తెరుచుకున్న ఒక వెబ్ పేజీ. మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పిన విషయం ఒకటి ఉంది: వాళ్ల అసలైన ఎర్రర్, వార్నింగ్ మెసేజ్‌లలో ఫోన్ నంబర్ ఎప్పుడూ ఉండదు. నంబర్ కనిపించిందంటే అది ఫేక్. అంతే.

బయటపడటం ఇలా:
- ఎస్కేప్ బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. ఫుల్ స్క్రీన్ పోతుంది, ట్యాబ్ క్లోజ్ చేయండి.
- అవ్వకపోతే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని "ఎండ్ టాస్క్" చేయండి.
- మళ్లీ బ్రౌజర్ తెరిచినప్పుడు "పాత పేజీలు రీస్టోర్ చేయాలా" అని అడిగితే వద్దనండి. లేకపోతే అదే పేజీ మళ్లీ వస్తుంది.

ఒకవేళ ఆ నంబర్‌కి కాల్ చేసేసి ఉంటే, వాడు నమ్మించడానికి రెండు పాత ట్రిక్కులు వాడతాడు. మొదటిది ఈవెంట్ వ్యూయర్. విండోస్‌లో అది ఓపెన్ చేయించి "చూశారా, ఎన్ని ఎర్రర్లో" అంటాడు. ఏ సమస్యా లేని కంప్యూటర్‌లో కూడా అక్కడ ఎర్రర్లు, వార్నింగ్‌లు ఉంటాయి. నేను ఈ ఆర్టికల్ రాస్తున్న ల్యాప్‌టాప్‌లోనూ ఉన్నాయి. రెండోది "లైసెన్స్ ఐడీ". కమాండ్ ప్రాంప్ట్‌లో ఒక కమాండ్ కొట్టించి, చివర్లో 888 తో మొదలయ్యే పొడవాటి నంబర్ చూపించి, "మీ కంప్యూటర్ ఐడీ నా దగ్గర ఉంది, చదువుతాను, చెక్ చేసుకోండి" అంటాడు. తూచా తప్పకుండా సరిపోతుంది. ఎందుకంటే ఆ నంబర్ మీ కంప్యూటర్‌ది కాదు, విండోస్ ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ అదే ఉంటుంది.

ఈ రకం మోసం విదేశాల్లో బాగా ఎక్కువ. ఎఫ్‌బీఐ ఇంటర్నెట్ నేరాల రిపోర్ట్ ప్రకారం 2023 ఒక్క సంవత్సరంలోనే టెక్ సపోర్ట్ మోసాల్లో 92 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. సిగ్గుపడాల్సిన విషయం ఏంటంటే, ఆ కాల్స్‌లో కొన్ని మన దేశంలోని కాల్ సెంటర్ల నుంచే వెళ్తున్నాయి. 2023 అక్టోబర్‌లో సీబీఐ "ఆపరేషన్ చక్ర-2" పేరుతో 76 చోట్ల సోదాలు చేసింది. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఇచ్చిన ఫిర్యాదులపై పెట్టిన కేసులు కూడా అందులో ఉన్నాయి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి కొన్నాళ్లు ఉండే మన పెద్దవాళ్లకి కూడా ఈ పాప్-అప్‌లు ఎదురవుతాయి. అక్కడ జరిగితే ఎఫ్‌బీఐ వాళ్ల ఐసీ3 సైట్‌లో, ఎఫ్‌టీసీ సైట్‌లో ఫిర్యాదు చేయాలి.

గుర్తుపట్టడానికి ఐదు సంకేతాలు

1. తొందర పెడతారు. "ఇప్పుడే చేయకపోతే అకౌంట్ బ్లాక్ అవుతుంది."
2. ఫోన్ పెట్టనివ్వరు. నిజమైన కస్టమర్ కేర్ మీరు కట్ చేసి మళ్లీ చేస్తానంటే ఏమీ అనదు.
3. యాప్ వేయమంటారు, అందులో కనిపించే కోడ్ చదవమంటారు.
4. సర్వీస్ జరగకముందే కార్డు వివరాలు, యూపీఐ పిన్ దగ్గరికి మాట తీసుకెళ్తారు, అది ఒక్క రూపాయి కోసమైనా సరే.
5. ఇంట్లో వాళ్లకి చెప్పనివ్వరు. "ఇది కాన్ఫిడెన్షియల్ సార్."

వీటిలో ఒక్కటి కనిపించినా కాల్ కట్ చేయండి. మర్యాద తక్కువ అవుతుందేమో అని ఆలోచించొద్దు. మా నాన్న "మధ్యలో ఫోన్ పెట్టేస్తే బాగుండదేమో" అనుకున్నారట. వాళ్లు వాడుకునేది మన ఈ మంచితనాన్నే.

కరెక్ట్ నంబర్ ఎక్కడ దొరుకుతుంది?

వాషింగ్ మెషీన్, టీవీ, ఫ్రిజ్ అయితే వారంటీ కార్డు, యూజర్ మాన్యువల్, లేదా మెషీన్ మీద అతికించిన స్టిక్కర్. ఫోన్ అయితే బాక్స్‌లో వచ్చిన పేపర్, లేదా ఫోన్‌లోనే ఉండే కంపెనీ యాప్. శాంసంగ్‌కి శాంసంగ్ మెంబర్స్, ఐఫోన్‌కి యాపిల్ సపోర్ట్ యాప్ ఉన్నాయి. బ్యాంక్ అయితే డెబిట్ కార్డు వెనక. వాలెట్, యూపీఐ యాప్ అయితే ఆ యాప్ లోపల "హెల్ప్" సెక్షన్.

వెబ్‌సైట్ అడ్రస్ చదవడం కూడా నేర్చుకోవాలి. కంపెనీ పేరు "అబక" అనుకుందాం. "అబక డాట్ కామ్" ఆ కంపెనీది. "అబక హైఫన్ సర్వీస్ డాట్ కామ్" ఎవరైనా కొనుక్కోవచ్చు. "అబక డాట్ హెల్ప్‌ఇండియా డాట్ కామ్" అసలు అబకది కాదు, హెల్ప్‌ఇండియా అనే అడ్రస్ కొన్నవాడిది. అంటే చివర ఉండే "డాట్ కామ్" కి సరిగ్గా ముందున్న పేరే యజమాని. "డాట్ కో డాట్ ఇన్" తో ముగిస్తే దాని ముందున్న పేరు చూడాలి. అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉందని నమ్మొద్దు. మన బ్రౌజర్‌కి, ఆ సైట్‌కి మధ్య కనెక్షన్ ఎన్‌క్రిప్ట్ అయిందని మాత్రమే దాని అర్థం. ఆ సైట్ దొంగదైనా తాళం ఉంటుంది.

ఇప్పటికే ఇరుక్కుంటే ఏం చేయాలి?

ఇక్కడ ఆర్డర్ ముఖ్యం.

1. కాల్ కట్ చేసి ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. వైఫై కూడా ఆఫ్ అయిందో లేదో చూడండి. స్క్రీన్ షేరింగ్ అక్కడితో ఆగిపోతుంది.
2. ఇంట్లో వేరే ఫోన్ తీసుకుని కార్డు వెనక ఉన్న బ్యాంక్ నంబర్‌కి కాల్ చేసి కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ బ్లాక్ చేయించండి. కంప్లైంట్ నంబర్ రాసుకోండి.
3. వెంటనే 1930 కి కాల్ చేయండి. ఇది కేంద్ర హోం శాఖ ఆధ్వర్యంలో నడిచే సైబర్ మోసాల హెల్ప్‌లైన్. బ్యాంక్ పేరు, అకౌంట్ నంబర్, ఎంత పోయింది, ఎన్ని గంటలకి, ట్రాన్సాక్షన్ ఐడీ, ఇవి దగ్గర పెట్టుకోండి. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో పూర్తి ఫిర్యాదు నమోదు చేయండి.
4. వాడి నంబర్, మెసేజ్‌లు, లింక్, యాప్ పేరు అన్నీ స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఆ తర్వాతే యాప్ తీసేయండి.
5. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్, నోటిఫికేషన్ యాక్సెస్ లిస్టుల్లో తెలియని యాప్ ఉందేమో చూడండి. కాల్ ఫార్వర్డింగ్ అనుమానం ఉంటే ##002# డయల్ చేస్తే అన్ని ఫార్వర్డింగ్‌లూ రద్దవుతాయి.
6. ఏపీకే వేసి ఉంటే ఫోటోలు బ్యాకప్ తీసుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఈమెయిల్, బ్యాంక్ పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి, ఆ ఫోన్ నుంచి కాదు.

1930 కి ఎందుకంత తొందర అంటే, పోయిన డబ్బు ఒక అకౌంట్‌లో కూర్చోదు. అక్కడి నుంచి ఇంకో అకౌంట్‌కి, అక్కడి నుంచి ఏటీఎంకి పరిగెడుతుంది. 1930 వాళ్లు ఆ అకౌంట్లున్న బ్యాంకులకి సమాచారం పంపి డబ్బు ఇంకా మిగిలి ఉంటే ఆపిస్తారు. నగదుగా తీసేశాక ఆపడానికి ఏమీ ఉండదు. మా విషయంలో రెండు రోజులు ఆలస్యమైంది. 63,400 లో ఒక వాలెట్‌లో మిగిలిన 11,000 మాత్రమే ఆపగలిగారు. నాన్న ఆ సాయంత్రమే చెప్పి ఉంటే అంతా వచ్చేదని చెప్పలేను. కానీ అవకాశం ఇంకా ఎక్కువ ఉండేది.

బ్యాంక్ బాధ్యత గురించి కూడా తెలుసుకోండి. 2017 జులైలో ఆర్బీఐ ఇచ్చిన రూల్స్ ప్రకారం, మన తప్పు, బ్యాంక్ తప్పు రెండూ లేకుండా వేరే చోట లోపం వల్ల డబ్బు పోతే, బ్యాంక్ నుంచి సమాచారం అందాక 3 వర్కింగ్ డేస్ లోపు చెప్తే మనకి నష్టం ఉండదు. మనమే వివరాలు ఇచ్చేసిన కేసుల్లో బ్యాంక్‌కి చెప్పేవరకు జరిగిన నష్టం మనదే. కానీ చెప్పిన తర్వాత జరిగే ప్రతి రూపాయి నష్టం బ్యాంక్ భరించాలి. కాబట్టి ఏ రకంగా చూసినా త్వరగా చెప్పడమే మనకి లాభం.

ఒక హెచ్చరిక: మోసపోయిన కొన్ని రోజులకి "సైబర్ సెల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు రికవరీ అయింది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అని కాల్ రావచ్చు. ఇది రెండో రౌండ్ మోసం. నాన్నకి కూడా పదో రోజు వచ్చింది. ఈసారి నాన్న "మా అబ్బాయితో మాట్లాడండి" అన్నారు, వాడే ఫోన్ పెట్టేశాడు.

డబ్బు పోకపోయినా అనుమానం వచ్చిన కాల్, మెసేజ్‌లను సంచార్ సాథీ పోర్టల్‌లోని "చక్షు" లో రిపోర్ట్ చేయవచ్చు. మీరు తప్పించుకున్నా, అదే నంబర్ నుంచి ఇంకొకరికి కాల్ వెళ్తుంది కదా.

ఈ ఆదివారం ఒక గంట పెట్టండి

నాన్నతో నేను చేసింది చెప్తాను, మీరూ చేయండి. ఇంట్లో ఉన్న ప్రతి మెషీన్, బ్యాంక్, గ్యాస్, కరెంట్ ఆఫీసు అసలు నంబర్లను కార్డులు, బిల్లులు చూసి ఆయన కాంటాక్ట్స్‌లో సేవ్ చేశాం. అవే ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కి అతికించాం. పైన 1930. ఫోన్ సెట్టింగ్స్‌లో బయటి యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే పర్మిషన్ వాట్సాప్‌కి, బ్రౌజర్‌కి ఆఫ్ చేశాం. రోజువారీ ఖర్చులకి వేరే అకౌంట్ పెట్టి యూపీఐ, కార్డు దానికే లింక్ చేశాం. పెన్షన్ డబ్బు ఉన్న అకౌంట్‌కి ఇప్పుడు ఫోన్‌తో సంబంధం లేదు. తర్వాత నేనే ఫేక్ కస్టమర్ కేర్ లాగా రెండుసార్లు కాల్ చేసి ప్రాక్టీస్ చేయించాను. మొదటిసారి నాన్న "ఒక్క నిమిషం ఉండండి" అన్నారు. రెండోసారి కట్ చేసేశారు.

ఇంకో మార్పు నా వైపు నుంచి. ఇప్పుడు నాన్న ఏదైనా అడిగితే "గూగుల్ చేస్తే వస్తుంది" అనడం మానేశాను. మీటింగ్‌లో ఉంటే "పది నిమిషాలు ఆగండి నాన్నా, నేనే చేస్తాను, అప్పటిదాకా ఎవరికీ కాల్ చేయకండి" అంటున్నాను. పోయిన వారం రీఛార్జ్ ప్లాన్ గురించి అడగడానికి చేశారు. మొత్తం మాట్లాడింది నాలుగు నిమిషాలు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగి ఉంటే, ముందు "ఎలా నమ్మావు" అని అడగొద్దు. "ఎన్ని గంటలకి జరిగింది" అని అడగండి, 1930 కి కాల్ చేయండి. తిట్టే ఇంట్లో రెండు రోజులు ఆలస్యంగా తెలుస్తుంది. ఆ రెండు రోజుల ఖరీదు మాకు తెలుసు.